అమెరికా రాకముందే జపాన్ గెలిచిన ప్రపంచ పోటీ

తిరుపతిలో ఉదయపు నడకకు వచ్చే మిత్రులం పెట్టుకున్న వాట్సాప్ బృందంలోకి ఈ వారం ఒకే సందేశం మూడుసార్లు వచ్చింది. అమెరికన్ ఫుట్‌బాల్‌కు దేశాల మధ్య పోటీలే లేవని, అక్కడి వృత్తి లీగ్ ఎన్ఎఫ్ఎల్ తుది పోరైన సూపర్ బౌల్ గెలిచిన జట్టే ప్రపంచ విజేతనని చెప్పుకుంటుందని, పోటీ పెట్టినా అమెరికాకు ఎదురుండదని, చేత్తో ఆడేదాన్ని ఫుట్‌బాల్ అనడమే తప్పని, మన దేశానికి దానితో సంబంధమే లేదని దాని సారాంశం. ఇందులో సూపర్ బౌల్ గురించిన మాట ఒక్కటే నిజం. దానికోసం పోటీపడే 32 జట్లూ అమెరికా నగరాలవే కనుక, ఆ విజేతను ప్రపంచ విజేత అనడం నాకూ సమంజసంగా తోచదు.

అయితే దేశాల పోటీ వేరే ఉంది. తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1999లో ఇటలీలోని పలెర్మోలో జరిగింది. ఫైనల్లో జపాన్ 6-0తో మెక్సికోను ఓడించింది. 2003లో జర్మనీలో అవే రెండు జట్లు మళ్ళీ ఫైనల్‌కు రాగా, జపాన్ 34-14తో గెలిచింది. ఈ రెండింటికీ అమెరికా జట్టును పంపనే లేదు. జపాన్ విజయాలు గాలివాటంగా వచ్చినవి కావు. అక్కడి విశ్వవిద్యాలయాల్లో ఈ ఆట 1934 నుంచి ఉంది. చదువు ముగించి ఉద్యోగాల్లో చేరినవారు కూడా కంపెనీల జట్ల తరఫున ఆడుతూనే ఉంటారు.

ఇక అమెరికాకు ఎదురుండదన్న మాట. 2007లో జపాన్‌లోని కవాసకీలో అమెరికా తొలిసారి బరిలోకి దిగినప్పుడు, నిర్ణీత సమయం ముగిసేసరికి ఫైనల్లో జపాన్‌తో సమంగా నిలిచింది. రెండు అదనపు విడతలు ఆడిన తర్వాతే 23-20తో గట్టెక్కింది. ఆ జట్టులో ఎన్ఎఫ్ఎల్ తారలు లేరు, కళాశాల ఆట ముగించుకున్న యువకులే ఉన్నారు. ఆ తర్వాత 2011లో కెనడాపై 50-7తో, 2015లో జపాన్‌పై 59-12తో అమెరికా సునాయాసంగా గెలిచిన మాట వాస్తవమే. దాని బలాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ అయిదింటిలో రెండు కప్పులు వేరే దేశానివైనప్పుడు, ఎదురే లేదనడం అబద్ధం. 2019లో జరగవలసిన పోటీ వాయిదా పడి, పురుషుల పోటీ అక్కడే ఆగిపోవడం మాత్రం నన్ను నిజంగా బాధిస్తోంది.

పేరు సంగతి చిన్నది. ఈ ఆట రగ్బీ నుంచి పుట్టింది. మొదట్లో కాలికే విలువ ఎక్కువ: 1883 నాటి లెక్కలో బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించే టచ్‌డౌన్‌కు 2 పాయింట్లయితే, ఆట నడుస్తుండగా కాలితో తన్నిన గోలుకు 5 పాయింట్లు ఇచ్చేవారు. నేటికీ తన్ని సాధించే ఫీల్డ్ గోలుకు 3 పాయింట్లున్నాయి.

మనకు సంబంధం లేదన్న చివరి మాటకు జవాబు ముంబైలోనే ఉంది. 2023 అక్టోబరులో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం అక్కడ సమావేశమై, 2028 లాస్ ఏంజెలెస్ క్రీడల్లో క్రికెట్‌తో పాటు, ఈ ఆటకే మరో రూపమైన ఫ్లాగ్ ఫుట్‌బాల్‌కూ చోటిచ్చింది. క్రికెట్ వార్త చదివి సంబరపడిన మనం దాని పక్కనున్న పేరును గమనించలేదు. ఫ్లాగ్ ఫుట్‌బాల్‌లో జట్టుకు ఐదుగురే ఆడతారు. బంతి పట్టుకుని పరుగెత్తేవారిని పడగొట్టకూడదు, నడుముకు వేలాడే పట్టీని లాగేస్తే చాలు. హెల్మెట్లు, భుజకవచాలు కొననక్కరలేదు కనుక మన పిల్లలకు అందే రూపం ఇదే.

మా పక్కింటివారి మనవడు సెలవులకు వస్తూ తెచ్చిన కోలబంతిని మొన్న యూనివర్సిటీ మైదానంలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె అందుకుంది. మొదటి రెండు విసుర్లకు అది గాలిలో తడబడి పక్కకు పోయింది. మూడోసారి కుట్టు మీద వేళ్ళు ఆనించి విసిరేసరికి, బొంగరంలా తన చుట్టూ తాను తిరుగుతూ నేరుగా వెళ్ళి అవతల అబ్బాయి గుండెకు తగిలింది. అప్పటికే మిగతా పిల్లలు పాత తువ్వాలును పట్టీలుగా చించి నడుముకు దోపుకుంటున్నారు.