ఒహ్తానీ సరే, కుర్రాళ్ల సంగతేంటి?
బేస్‌బాల్ ఆటగాడు ఒహ్తానీకి అమెరికా జట్టు డాడ్జర్స్ పదేళ్లకి రాసిచ్చిన 70 కోట్ల డాలర్లు చూపించి, మీరు ఆటగాళ్లది అత్యాశ అనేశారు. అదేం న్యాయం సార్? పదేళ్లూ అతను ఏటా తీసుకునేది 20 లక్షల డాలర్లే. మిగతా 68 కోట్లు 2034 నుంచి 2043 దాకా, అదీ వడ్డీ లేకుండా! అందుకే లగ్జరీ ట్యాక్స్ (జీతాల మొత్తం పరిమితి దాటితే జట్టు కట్టే పన్ను) లెక్కలో అతని జీతం ఏడాదికి 7 కోట్లు కాకుండా 4.6 కోట్ల దగ్గర ఆగింది. జట్టుకి ఆ వెసులుబాటు ఇస్తానన్నది అతనే.

నా బాధల్లా కుర్రాళ్ల గురించి. అక్కడి అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్‌లో సుమారు మూడేళ్లు నిండేదాకా ఎంత బాగా ఆడినా జీతం యాజమాన్యం చెప్పిందే. ఫ్రీ ఏజెంట్ కావాలంటే, అంటే నచ్చిన జట్టుతో ఒప్పందం చేసుకోవాలంటే, ఆరేళ్లు. మోచేతికి ఆపరేషన్ పడిన పిచర్‌కి (బంతి విసిరేవాడికి) ఈలోపే సగం కెరీర్ అయిపోతుంది. మేజర్ లీగ్‌కి ఒక్క మెట్టు కిందున్న ట్రిపుల్-ఏ వాళ్లకైతే 2023 ఒప్పందానికి ముందు ఏడాదికి కనీస జీతం 17,500 డాలర్లే. ఆ ఒప్పందంతో 35,800కి పెంచారు. అదీ వాళ్లు ఆటగాళ్ల యూనియన్‌లో చేరాకే.