పిల్ల మనసు అడిగేదెవరు?

కనుమ నాడు మా కోనసీమలో ప్రభల తీర్థానికి ఆటోలో బయల్దేరాం. ముందు ట్రాక్టర్ మీద ఇంతింత స్పీకర్లు. పాట నిండా నడుము, నడుము, మళ్ళీ నడుమే! మా అక్క కూతురు, ఎనిమిదేళ్లది, పొల్లుపోకుండా పాడేస్తోంది. "పిన్నీ, పటాకా పిల్లంటే ఏంటి?" ఏం చెప్పను? వద్దన్నా వెంటపడటం ప్రేమట! రేపు బస్టాపులో ఎవడో దీని దారికి అడ్డొస్తే, అదీ ప్రేమేనా? 1964లో 'మూగమనసులు'కి దాశరథి రాసిన పాట గోదారి గట్టున పిట్ట మనసులో ఏముందని అడిగింది. పిట్టని! ఇప్పుడు పిల్ల మనసు అడిగే పాటేదీ? తీర్థంలో ప్రభ ముందు కూడా అదే గోల. దేవుడి ముందయ్యా! ఆపమంటే "పండగ కదా అక్కా" అన్నాడు కుర్రాడు. పాప చెవులు మూశాను. పెదాలు మాత్రం కదులుతూనే ఉన్నాయి.