ఈశాన్యంలో ఫర్నేసు

మా తోడల్లుడు మిషిగన్‌లో ఇల్లు కొన్నాడు. గృహప్రవేశానికి ముందు విజయవాడ నుంచి వాస్తు సిద్ధాంతిగారు వీడియో కాల్‌లో మూడు గంటలు ఇల్లంతా తిరిగి, బేస్‌మెంటులో ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు ఈశాన్యంలో ఉందని కనిపెట్టారు. ఈశాన్యంలో అగ్ని! వదినగారికి ఆ రాత్రి నిద్ర లేదు. పరిహారం రాగి రేకుతో తేలింది.

ఆ ఫర్నేసు నుంచి గోడ బయటికి వచ్చిన రెండు తెల్లటి పీవీసీ గొట్టాల ఊసు ఎవరూ ఎత్తలేదు. ఒకటి పొగ వదిలేది, రెండోది మంటకు గాలి పీల్చేది. బిల్డరు మహాశయుడు రెండింటినీ నేలకు జానెడు ఎత్తున, ఒకదాని మూతికి ఇంకొకటి ఆనించినట్టు పెట్టాడు. ఇది వదిలింది అది పీల్చుకుంటుంది. ఒకరు తాగిన గ్లాసు ఇంకొకరు ముట్టని ఆ మడి ఇంట్లో ఫర్నేసు మాత్రం తన ఎంగిలి తానే తింటోంది.

గొట్టాలు అందంగా లేవని మావాడు వాటిమీద చెక్క పెట్టె బోర్లించి, రంగు వేయించి, పైన బుద్ధుణ్ణి కూర్చోబెట్టాడు. జనవరిలో రెండడుగుల మంచు పడింది. అర్ధరాత్రి ఫర్నేసు ఆగిపోయింది. దారి మూసుకుపోతే మంట ఆపే ప్రెజర్ స్విచ్ ఒకటి ఉంటుంది. ఆ ఇంట్లో బుద్ధి ఉన్నది దానికొక్కదానికే. మావాడు శాలువా కప్పుకుని బుద్ధుడి చుట్టూ పారతో తవ్వుతున్నాడు. వదినగారు కిటికీలోంచి టార్చి కొడుతున్నారు. అక్కడ పట్టపగలే కాబట్టి సిద్ధాంతిగారు ఫోనులో, "ఈశాన్యమని ముందే చెప్పానుగా" అంటున్నారు.

అలారం ఏదని అడిగాను. పొగకూ కార్బన్ మోనాక్సైడ్‌కూ కలిపి ఉన్నదే. హోమం రోజు గోల చేసిందని బ్యాటరీ తీసి సొరుగులో పడేశారట.

మంటకు గాలి చాలకపోతే పుట్టే ఆ కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్‌కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం వస్తే జలుబనుకుని ముసుగు తన్నేస్తారు, అంతే. ఆ గొట్టాల పక్క గదిలో నాలుగేళ్ల పిల్ల పడుకుని ఉందయ్యా! ప్రతిసారీ ఆ స్విచ్చే కాపాడుతుందా? రాగి రేకుకు పెట్టిన శ్రద్ధలో వీసమెత్తు ఆ పిల్ల ఊపిరికి పెట్టలేరా?

గొట్టం మూతి మంచు పేరుకునే మట్టానికి కనీసం అడుగు ఎత్తున ఉండాలని, పొగ మళ్లీ గాలి గొట్టంలోకి పోకూడదని ఫర్నేసుతో వచ్చిన పుస్తకంలోనే ఉంటుంది. వెళ్లి చూశాను. ఫర్నేసుకు ప్లాస్టిక్ సంచిలో వేలాడుతోంది. సంచి విప్పలేదు. దానికి పసుపు, కుంకుమ మాత్రం పెట్టారు.