ఐసు పులసలూ, మాటవరస పిలుపులూ

గోదావరిలోకి ఎర్రనీరు దిగిందంటే కోనసీమలో కబుర్లన్నీ పులస చుట్టూనే తిరుగుతాయి. సముద్రంలో ఉన్నంతకాలం అది విలస. వరదకు ఎదురీది నదిలోకి వచ్చాకే పులస అవుతుంది, ధర వేలల్లోకి వెళ్తుంది. అందుకే ఒడిశా నుంచో బెంగాల్ నుంచో ఐసుపెట్టెల్లో వచ్చిన చేపకు కూడా ఇక్కడ దిగేసరికి ఆ పేరే పెట్టేస్తారు.

ఈ మధ్య నేను 'ఐసు పులస' అనే మాటను మనుషులకు వాడుతున్నాను. పెరిగింది ఎక్కడో, రీల్స్‌లో మాత్రం మాటకో 'ఆయ్' తగిలించి గోదారోళ్లమండీ అనేవాళ్లకు. మా పెద్దవాళ్లు 'ఆయ్' అనేది ఎక్కువగా ఎదుటివాడి మాటకు బదులుగా, 'అవునండి' అన్నట్టు. ప్రతి వాక్యానికీ తోకలా కట్టేది కాదు.

నకిలీకి పేరు పెట్టాలంటే జనం ముందు బజారు వైపే చూస్తారు. ఆస్ట్రోటర్ఫ్ అనేది ప్లాస్టిక్ గడ్డి బ్రాండు. తనకు కుప్పలుగా వచ్చిపడుతున్న ఉత్తరాలు జనం సొంతంగా రాసినవి కావు, బీమా వ్యాపారం రాయించినవి అని చెప్పడానికి అమెరికా సెనేటర్ లాయిడ్ బెంట్సన్ 1985లో ఆ పేరు వాడాడు. డబ్బు పెట్టి పుట్టించే ప్రజాభిప్రాయానికి ఇప్పుడు అదే పేరు. మనకైతే నగల కొట్టు ఉంది. గిల్టు, కవరింగు, మచిలీపట్నం పక్కన చిలకలపూడి రోల్డ్‌గోల్డు. తమాషా ఏమిటంటే, కవరింగ్ గొలుసు వేసుకున్నావిడను అడిగితే 'కవరింగేనండి' అని నవ్వుతూ చెప్పేస్తుంది. అక్కడ మోసం లేదు. అదే మాట మనిషికి తగిలి 'కవరింగ్ ఇస్తున్నాడు' అయ్యేసరికి తిట్టు అయిపోయింది.

బిల్డప్ అంటే లేనిదాన్ని ఉన్నట్టు నిలబెట్టడం. కలరింగ్ అంటే ఉన్నదానికే రంగులు పూయడం. బిస్కెట్లు వేసేవాడికి మన దగ్గర పనుంటుంది. పులిహోర కలిపేవాడి సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఇన్ని తేడాలున్న చోట ఇప్పుడు కుర్రాళ్లకు 'ఫేక్' ఒక్కటి చాలుతోంది. నా పేచీ దానితోనే.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా మేనకోడలు సంక్రాంతికి వచ్చి, ఇక్కడ అందరూ ఫేక్ మావయ్యా అంది. ఎవరింటికైనా వెళ్లి, లేచి గుమ్మంలో చెప్పులు వేసుకుంటుంటే 'అయ్యో, భోంచేసి వెళ్లండి' అంటారు. గిన్నెలు కడిగి బోర్లించారని పిలిచినావిడకూ తెలుసు, మనకూ తెలుసు. నిజమే. కానీ ఆవిడ అనకపోతే? 'మాటవరసకైనా తినమనలేదు' అన్న ఫిర్యాదు పదేళ్లు నిలుస్తుంది. ఆ 'మాటవరసకైనా'లోనే మన ఒప్పందం ఉంది. నిజం కాదని తెలిసే కోరుకుంటాం, రాకపోతే అలుగుతాం. అంతకంటే ముఖ్యం, ఆ పిలుపు వల్ల ఆవిడకు వచ్చే లాభం లేదు. మనం నిజంగానే కూర్చుంటే పాపం ఎసరు పెట్టాల్సింది ఆవిడే.

దీని పక్కన వరద పరామర్శను పెట్టి చూడండి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటి, కింద లంకలు మునిగాయి. అలాంటప్పుడు పడవ మీద వచ్చే సాయంలో ఒక రకం ఉంటుంది. పాలప్యాకెట్టు పుచ్చుకునే చెయ్యి లాగుతూనే ఉంటుంది, ఇచ్చే చెయ్యి వదలదు. ఫొటో ఇంకా సరిగ్గా పడలేదు. పాలు నిజమైనవే, ఆకలీ నిజమే. అయినా గుమ్మంలో పిలుపుకంటే ఇదే నాకు అబద్ధంగా కనిపిస్తుంది. రెంటినీ 'ఫేక్' అంటే ఆ పెద్దావిడను తీసుకెళ్లి ఈ పడవలో కూర్చోబెట్టినట్టే.

నేనేదో నికార్సయినవాణ్నని కాదు. కిందటేడు వియ్యాలవారు వస్తే పులస పెట్టాలని ఆశపడ్డాను. దొరికింది ఐసుది. బెండకాయలు వేసి మట్టిదాకలో పులుసు పెట్టించాం. గోదావరిదేనని ఎక్కడా అనలేదు, కాదనీ అనలేదు. అందరూ రెండుసార్లు వేయించుకుని, పులసంటే పులసే అన్నారు. మర్నాడు కారెక్కుతూ వియ్యంకుడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"పులుసు బ్రహ్మాండమండీ బావగారూ. చేపకు కాస్త జలుబు చేసినట్టుందంతే."