కోచ్‌కో నీతి, కుర్రాడికో నీతి

పన్నెండు మ్యాచ్‌ల్లో పదకొండు గెలిచిన జట్టు. జాతీయ ప్లేఆఫ్స్‌కు మొదటిసారి వెళ్లడం దాదాపు ఖాయమైన జట్టు. ఆ జట్టును అలాగే వదిలేసి మిసిసిపీ విశ్వవిద్యాలయం అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ లేన్ కిఫిన్ 2025 నవంబరు 30, ఆదివారం పోటీ శిబిరానికి, లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయానికి, వెళ్లిపోయారు. ఏడేళ్ల ఒప్పందం, ఏడాదికి దాదాపు కోటీ 30 లక్షల డాలర్లు. ప్లేఆఫ్స్ అయ్యేదాకా పాత జట్టుతోనే ఉంటానని అడిగితే మిసిసిపీ యాజమాన్యం ఒప్పుకోలేదని ఆయన వాపోయారు. ఎందుకు ఒప్పుకుంటుంది? ఒకే లీగ్‌లో ప్రతి ఏడూ తలపడే రెండు జట్లలో ఒకదాని కొలువుకు తల ఊపి, రెండోదాని డ్రెస్సింగ్ రూమ్‌లో వ్యూహాలు చెబుతానంటే ఎవరు నమ్మాలి?

కిఫిన్ జట్టును కట్టే తీరు అందరికీ తెలిసిందే. అమెరికా పత్రికలు ఆయనకు ‘పోర్టల్ కింగ్’ అని పేరు పెట్టాయి. హైస్కూల్ కుర్రాణ్ని తెచ్చి, రెండు మూడేళ్లు దిద్ది మైదానంలోకి దింపడం పాత పద్ధతి. ఈయనది అలా కాదు. సీజన్ ముగియగానే, కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేర్లు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అనే సంత తెరుచుకుంటుంది. వేరే కాలేజీల్లో అప్పటికే రాటుదేలిన వాళ్లను అక్కడి నుంచి తెచ్చుకోవడమే ఆయన ఒడుపు. 2025లో మిసిసిపీని గెలిపించిన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ జట్టు దాడిని నడిపే ఆటగాడు) ట్రినిడాడ్ చాంబ్లిస్ కూడా అలా వచ్చినవాడే. మిషిగన్‌లో ఫెరిస్ స్టేట్ అనే రెండో శ్రేణి కాలేజీ జట్టుకు ఆడిన కుర్రాడు. అతని ప్రతిభను పసిగట్టిన కన్ను గొప్పదే, కాదనం.

పోర్టల్‌ను మేం తప్పుపట్టడం లేదు. 2021 దాకా ఆటగాడు కాలేజీ మారితే సాధారణంగా ఏడాదిపాటు ఆడకుండా కూర్చోవాల్సి వచ్చేది. తన పేరుతో, తన ముఖంతో పైసా సంపాదించుకునే వీలు కూడా ఆ ఏడాది జులైలోనే వచ్చింది. విశ్వవిద్యాలయాలు తమ ఆదాయంలో ఆటగాళ్లకు నేరుగా వాటా ఇవ్వడమైతే 2025 జులైలో మొదలైంది. దశాబ్దాలపాటు వాళ్ల చెమట మీద టీవీ ఒప్పందాలు, స్టేడియాలు, కోచ్‌ల జీతాలు పెరిగాక దక్కిన హక్కులివి. ఆ హక్కులు వచ్చిన రోజు గగ్గోలు పెట్టిందెవరు? కోచ్‌లే! కుర్రాళ్లలో విధేయత పోయిందన్నారు, డబ్బు కోసం పరుగెడుతున్నారన్నారు, కాలేజీ ఆట చచ్చిపోయిందన్నారు. ఇప్పుడు ఆ విధేయత ఏ గూటికి చేరిందో వాళ్లే చెప్పాలి.

ఇంకో ముచ్చట చూడండి. 2026 సీజన్ కోసం కాలేజీ మారాలనుకునే ఆటగాడికి పోర్టల్ జనవరి 2న తెరిచి 16న మూసేస్తామన్నారు. చదువు, ఆట దెబ్బతినకూడదని ఆ గడువు పెట్టారట. కోచ్‌కు ఏ గడువూ లేదు. నవంబరు 30న వెళ్లొచ్చు, ప్లేఆఫ్స్ ముందు వెళ్లొచ్చు, ఎప్పుడైనా వెళ్లొచ్చు. డిసెంబరు 3, బుధవారం హైస్కూల్ కుర్రాళ్లు తాము చేరే కాలేజీతో సంతకాలు పెట్టే రోజు. కాబట్టే ఇంత తొందర. కిఫిన్‌ను నమ్మి మిసిసిపీకి మాటిచ్చిన పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లలకు ఆలోచించుకోవడానికి మూడు రోజులు మిగిలాయి.

కోచ్ కూడా ఉద్యోగే కదా, మంచి జీతం వస్తే మారకూడదా అని కొందరు అడుగుతున్నారు. మారొచ్చు. అదే మాట 2021కి ముందు ఆటగాడి గురించి ఎందుకు అనలేదన్నదే మా ప్రశ్న.

లూసియానా స్టేట్‌కు ఇది కొత్త కూడా కాదు. 2021లో నోటర్‌డేమ్ విశ్వవిద్యాలయం జట్టు ఇలాగే పదకొండు గెలిచి, ఒకటి ఓడి, ప్లేఆఫ్స్ ఆశతో ఉన్నప్పుడు దాని కోచ్ బ్రయాన్ కెల్లీని ఎత్తుకొచ్చింది. పదేళ్లకు తొమ్మిదిన్నర కోట్ల డాలర్లు ఇస్తానంది. నాలుగేళ్లు తిరక్కుండానే 2025 అక్టోబరు 26న ఇంటికి పంపింది. అందుకు ఇవ్వాల్సిన పరిహారమే దాదాపు 5.4 కోట్ల డాలర్లు. అమెరికాలోని పేద రాష్ట్రాల్లో ఒకటైన లూసియానాలో, ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో జరుగుతున్న వ్యవహారమిది. పిల్లల్ని అమెరికా చదువులకు పంపి ఫీజులకు అప్పులు చేస్తున్న మన తల్లిదండ్రులు ఈ అంకెలను ఒకటికి రెండుసార్లు చదువుకోవాలి.

కెల్లీని తీసేసినప్పుడు లూసియానా గవర్నర్ జెఫ్ ల్యాండ్రీ ఈ కొవ్వెక్కిన ఒప్పందాల మీద మైకుల ముందు మండిపడ్డారు. భారం చివరికి పన్ను చెల్లింపుదారుల మీద పడుతుందన్నారు. కొద్దిరోజుల్లోనే విశ్వవిద్యాలయ క్రీడా విభాగం అధిపతి పదవి పోయింది. ఆ మాటలకు నెల దాటిందో లేదో, అదే విశ్వవిద్యాలయం 9 కోట్ల డాలర్ల పైచిలుకు ఒప్పందంతో ఇంకో కోచ్‌ను తెచ్చుకుంది. మొన్నటి కోపం కెల్లీ ఓడినందుకా, ఖర్చు ఎక్కువైనందుకా?

జాతీయ కాలేజీ క్రీడా సంఘానికి నిజంగా విద్యార్థుల మీద ప్రేమ ఉంటే, జట్టు చివరి మ్యాచ్ ఆడేదాకా ఏ కోచ్‌తోనూ ఏ విశ్వవిద్యాలయమూ బేరమాడకూడదని నిబంధన పెట్టే దారి వెతకాలి. న్యాయస్థానాలు ఒప్పుకోవని చేతులెత్తేయడం కుదరదు. ఆటగాళ్లను కట్టిపడేయడానికి ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడిన సంఘమే ఇది. కిఫిన్ గారికీ ఒక మాట. లూసియానా స్టేట్ ఉన్న బ్యాటన్‌రూజ్‌లో, డ్రెస్సింగ్ రూమ్‌లో కొత్త కుర్రాళ్లను కూర్చోబెట్టి కుటుంబం, నమ్మకం, చివరిదాకా నిలబడటం అంటూ పాఠం మొదలెట్టకండి. వాళ్లూ టీవీ చూస్తారు.