మైదాపై ఒక శ్వేతపత్రం

మా వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయం 1981లో మూతపడింది. అప్పటి నుంచి మా ఊరు ఆకాశం వైపు చూస్తూనే ఉంది. 2025లో కేంద్రం మళ్ళీ అనుమతి ఇచ్చిందన్న వార్త వచ్చిన రోజున కూడా ఎవరూ కంగారుపడి పెట్టె సర్దుకోలేదు. కాజీపేటకు వస్తుందనుకున్న కోచ్ ఫ్యాక్టరీ 1980ల్లో కపుర్తలాకు పోయింది. 2023 జులైలో వ్యాగన్ల తయారీ కేంద్రానికి శంకుస్థాపన జరిగేదాకా మేము అదే ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాం. ఎదురుచూడటం అనే విద్యలో ఓరుగల్లును కొట్టే ఊరు లేదు.

అలాంటి ఊళ్ళో, ఒక పిండిముద్ద పొంగడానికి గంటన్నర ఆగడం మా వల్ల కాదని, హనుమకొండలోని ఒక బాధ్యత గల కుటుంబం తీర్మానించింది. ఆ కుటుంబం మాదే. తీర్మానం మూడు ఓట్లతో నెగ్గింది. నాలుగో ఓటు మా అమ్మది. ఆమె అప్పటికే సీరియల్ ముందు కూర్చుని ఉండటం వల్ల ఓటింగులో పాల్గొనలేదు. ఈస్టు లేకుండా, ఇరవై నిమిషాల్లో పిజ్జా పిండి తయారు చేయడం సాధ్యమా అన్న ప్రశ్నపై ఆదివారం సాయంత్రం నేనే ఏకసభ్య సంఘంగా ఏర్పడి విచారణ చేపట్టాను. ఆ నివేదికను ప్రజల ముందుంచుతున్నాను. మైదా గురించి కనుక దీన్ని శ్వేతపత్రం అనడంలో అతిశయోక్తి లేదు.

ముందు నిందితుడి సంగతి. ఈస్టు ఒక జీవి. చెంచాడు పొడిలో కోట్ల ప్రాణాలు నిద్రపోతుంటాయి. వాటిని లేపడానికి గోరువెచ్చని నీళ్ళు కావాలి. నీళ్ళు మరీ వేడిగా ఉంటే చచ్చిపోతాయి, చల్లగా ఉంటే లేవవు. చిటికెడు చక్కెర పెట్టాలి. మూత వేసి, గాలి తగలని వెచ్చని మూలలో పడుకోబెట్టాలి. మా ఇళ్ళలో బాలింతకు కూడా ఇంతకంటే ఎక్కువ చేయరు. ఇన్ని సేవలు అందుకుని అది చక్కెర తిని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, పిసికిన మైదాలోని గ్లూటెన్ ఆ గాలిని తిత్తిలా పట్టి ఉంచుతుంది, పిండి రెట్టింపు అవుతుంది. దాని మీద ఉన్న అభియోగం ఒక్కటే: ఆలస్యం.

వెచ్చని మూల కావాలట! మే నెలలో మా వంటింట్లో వెచ్చగా లేని మూల ఒక్కటి చూపించమనండి. ఎండాకాలం వరంగల్‌కు మించిన స్వర్గం ఈస్టుకు ఎక్కడ దొరుకుతుంది? ఆ స్వర్గం నుంచే దాన్ని బహిష్కరించాం.

బహిష్కరణకు ఇంకో కారణం కూడా ఉందని నిజాయితీగా ఒప్పుకోవాలి. ఈస్టు కోసం మా వీధి చివరి కిరాణా దుకాణానికి వెళ్ళాను. దుకాణదారు ఒక్క క్షణం ఆలోచించి ఈనో ప్యాకెట్లు రెండు నా చేతిలో పెట్టాడు. పిజ్జా తిన్న తర్వాత అవసరమయ్యే వస్తువును ముందే ఇచ్చిన ఆయన దూరదృష్టికి నమస్కరించాను. ఇంటికి వచ్చాక ప్యాకెట్ వెనుక చదివితే తెలిసింది, ఆయన తప్పేమీ చెప్పలేదు. అందులో ఉన్నది సోడా, నిమ్మ ఉప్పు. తడి తగలగానే అవి కడుపులో ఎలా పొంగుతాయో పిండిలోనూ అలాగే పొంగుతాయి. కొందరు దానితో ఢోక్లా చేస్తారు, ఇడ్లీ కూడా చేస్తారు. అయితే ఒక జీర్ణ ఔషధాన్ని ఆహారంలో అంతర్భాగం చేయడం విచారణ సంఘం గౌరవానికి భంగకరమని భావించి, ఆ ప్యాకెట్లను ఫ్రిజ్ మీద భద్రపరిచాను. (రాత్రికి పనికొచ్చాయి.)

ఇక అసలు సూత్రం. రెండు కప్పుల మైదా, రెండు టీ చెంచాల బేకింగ్ పౌడర్, అర చెంచా ఉప్పు, ముప్పావు కప్పు పుల్లని పెరుగు, ఒక పెద్ద చెంచా నూనె. కలిపి, రెండు మూడు నిమిషాలు మాత్రమే పిసికి, పావుగంట మూత పెట్టాలి. ఇంతే. ఇంత సులభమైన పనిని చెడగొట్టడానికి ప్రత్యేకమైన ప్రతిభ కావాలి. ఆ ప్రతిభ ప్రదర్శించే అవకాశం వెంటనే దొరికింది, ఎందుకంటే ఇంట్లో బేకింగ్ పౌడర్ లేదు, వంట సోడా ఉంది. రెండూ తెల్లగానే ఉన్నాయి కదా అనుకున్నాను. తెల్లనివన్నీ పాలు కావన్న సామెత ఉన్న భాషలో పుట్టి, పెరిగి, వ్యాసాలు రాసే మనిషిని నేను.

సోడాకు పులుపు తోడైతేనే గాలి పుడుతుంది. ఒక కప్పు పెరుగులోని పులుపు అర చెంచా సోడాకు సరిపోతుంది. మిగిలిన సోడా ఏ పనీ లేక పిండిలోనే కూర్చుంటుంది. బేకింగ్ పౌడర్‌లో సోడా మూడో వంతో, నాలుగో వంతో. తక్కినది దానికి జోడీగా కలిపిన పొడి ఆమ్లం, రెండూ తొందరపడి కలిసిపోకుండా మధ్యలో కాపలా ఉంచిన మొక్కజొన్న పిండి. అందుకే అది రెండు చెంచాలు వేసినా ఫర్వాలేదు. నేను రెండు చెంచాల సోడా వేశాను.

ఇనుప పెనం మీద రొట్టె కాలింది. దాని మీద పసుపూ ఉప్పూ పట్టించిన పనీరు ముక్కలు పేర్చి మూత పెట్టాను. ఐదు నిమిషాల తర్వాత మూత తీస్తే, పనీరు అంచులు, కింద పసుపు కారిన చోటల్లా రొట్టె ముదురు ఎరుపుకు తిరిగి ఉన్నాయి. టమాటాలు ఇంకా కోయనే లేదు. సీరియల్ విరామంలో మంచినీళ్ళకు వచ్చిన అమ్మ పెనంలోకి తొంగి చూసింది.

“ఎవరికి పెళ్ళి బిడ్డా? పారాణి కలిపావు?”

పసుపులో సున్నం కలిపితే పారాణి. పసుపులో సోడా మిగిలితే నా పిజ్జా. క్షారం ఎక్కడ తగిలినా పసుపు ఎర్రబడుతుందన్న సంగతి మా అమ్మకు రసాయనశాస్త్రం పుస్తకం లేకుండానే తెలుసు. నేను ఆ పుస్తకం చదివి పరీక్ష కూడా రాశాను. ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. సబ్బుతో పళ్ళు తోముకున్నట్టు అనిపించింది.

ఈలోగా ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి సొంతంగా మరో విచారణ మొదలుపెట్టింది. బడి పిల్లలతో ఈ మధ్యే రామప్పకు వెళ్ళివచ్చింది. ములుగు జిల్లా పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠించిన ఆ గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్ళలో తేలతాయి. గుళ్ళ మీద అలా లేచే కట్టడాన్ని శాస్త్రంలో విమానం అంటారు; మా వైపు ప్రస్తుతం అందుబాటులో ఉన్న విమానం అదొక్కటే. ఇటుకలో నిండా గాలి గదులు ఉండటమే ఆ తేలికదనానికి కారణమని గైడు చెప్పాడట. మా అమ్మాయి నా పిజ్జాలో ఒక ముక్క విరిచి, స్నానాలగదిలో బకెట్టు నిండా నీళ్ళు పట్టి, అందులో వదిలింది.

“బాపూ, మునిగిపోయింది.”

ఎనిమిది వందల ఏళ్ళ నాటి ఇటుకలో ఉన్నపాటి గాలి, ఎనిమిది నిమిషాల నాటి నా రొట్టెలో లేదని ఆ విధంగా రుజువైంది. వేయి స్తంభాల గుడి మండపం రాయికి మాత్రం అది దీటుగా నిలుస్తుందని నివేదికలో నమోదు చేశాను.

రెండో ప్రయత్నానికి పక్కింటి వదిన బేకింగ్ పౌడర్ డబ్బా పంపింది. డబ్బా పాతదైతే దానిలోని ఆవేశం చల్లారిపోయి ఉంటుంది. అర చెంచా తీసి వేడి నీళ్ళలో వేస్తే చురచురమని నురగ రావాలి. వచ్చింది. ఈసారి జాగ్రత్త పడి, కిలో మైదాలో పెరుగు, ఉప్పు మాత్రం కలిపి ఉంచుకున్నాను. కాల్చే ముందు ఏ ముద్దకు ఆ ముద్దకే పౌడర్ చేర్చాలని ప్రణాళిక. కారణం ఉంది. ఈ పౌడర్‌లో గాలి రెండు విడతలుగా విడుదలవుతుంది: తడి తగలగానే ఒక విడత, వేడి తగిలాక రెండోది. మొదటి విడత వచ్చినప్పుడే పొయ్యి ఎక్కించకపోతే అది అలా గాలిలో కలిసిపోతుంది. ప్రకటించిన రోజే ఖర్చు పెట్టకపోతే మురిగిపోయే నిధుల లాంటిదన్నమాట. ఈస్టు అలా కాదు. అది ప్రకటనలు చేయదు, చడీచప్పుడు లేకుండా పని చేసుకుపోతుంది, అందుకే మన దగ్గర దానికి గుర్తింపు లేదు.

ఇటలీ సంగతి కూడా చూద్దాం. నేపుల్స్‌లో పిజ్జా చేసే విద్యను యునెస్కో 2017లో వారసత్వ జాబితాలో చేర్చింది. మన రామప్ప వేరే జాబితాలో 2021లో చేరింది. అక్కడి సంప్రదాయం ప్రకారం పిండి కనీసం ఎనిమిది గంటలు నానుతుంది, కట్టెల పొయ్యిలో తొంభై సెకన్లలో కాలుతుంది. మా ఇంట్లో పిండి పావుగంట నానింది, కాలడానికి ముప్పావుగంట పట్టింది. మొత్తం మీద సమయం ఆదా అయిందని నిరూపించడానికి నేను ఇప్పటికీ లెక్కలు వేస్తూనే ఉన్నాను.

కాలడానికి అంతసేపు ఎందుకంటే మాకు ఓవెన్ లేదు. పాత కుక్కర్‌లో రెండు అంగుళాల ఇసుక పోసి, మూతకు విజిలు, రబ్బరు తీసేసి, మధ్యలో చిన్న స్టాండు పెట్టి, దాని మీద పళ్ళెం. కుక్కర్ పదిహేను నిమిషాలు ముందే వేడెక్కాలి. ఇసుక మీద పునాది వేయడం కాకతీయుల విద్య. రామప్ప గుడి కింద కూడా ఇసుక పెట్టెనే వాడారు. వాళ్ళు భూకంపాన్ని దృష్టిలో పెట్టుకున్నారు, నేను మాడిపోవడాన్ని దృష్టిలో పెట్టుకున్నాను. సాసుకు ఎనుమాముల మార్కెట్ నుంచి వచ్చిన చపాటా మిర్చి నానబెట్టి, టమాటాతో కలిపి నూరాను. మా వరంగల్ చపాటాకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. టమాటాలా గుండ్రంగా ఉంటుంది, రంగు దండిగా ఇస్తుంది, కారం మాత్రం తక్కువ. ఇలాంటి గుణాలు కలవారు మన దగ్గర ఎన్నికల్లో నిలబడతారు. మిర్చి పాపం సాసుతో సరిపెట్టుకుంది.

రెండో పిజ్జా వచ్చింది. నిజం చెప్పాలంటే తినదగినదే. వేడిగా ఉన్నంతసేపు అంచు కరకరలాడింది, లోపల మెత్తగా ఉంది. అయితే సాగదు. ఈస్టు పిండిని లాగితే సాగుతుంది, ఇది విరుగుతుంది. రొట్టెకూ బిస్కట్‌కూ పుట్టిన సంతానంలా ఉంటుంది. చల్లారితే దవడకు వ్యాయామం. మా అబ్బాయి మూడు ముక్కలు తిని, “బాగానే ఉంది, కానీ పిజ్జా ఎప్పుడు తెస్తున్నారు?” అన్నాడు. మా అమ్మాయి దీన్నీ బకెట్టు దగ్గరకు తీసుకెళ్ళింది. ఇది కూడా మునిగింది, కాకపోతే మొదటిదాని కంటే నెమ్మదిగా, మర్యాదగా.

ఇక్కడ సర్వపిండి గురించి రెండు పేరాలు రాసి, మన వంటలే గొప్పవని కన్నీరు పెట్టుకోవడం మా వైపు రచయితల ఆనవాయితీ. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, శనగపప్పు కలిపి గిన్నెకు అద్ది, వేలితో చిల్లులు వేసి నూనె పోసే ఆ వంటకు ఈస్టూ అక్కరలేదు, సోడా కూడా అక్కరలేదు, అది నిజమే. కానీ దాన్ని పిజ్జా అని ఎవరూ అనలేదు, పొంగుతుందని కూడా ఎవరూ హామీ ఇవ్వలేదు. కాబట్టి దాన్ని ఈ కేసులోకి లాగడం అన్యాయం.

రాత్రి పదింటికి వంటింట్లో ఇంకా ముప్పావు కిలో మైదా, పెరుగుతో కలిసి, నా భవిష్యత్తు ప్రణాళికల కోసం ఎదురుచూస్తోంది. మా ఆవిడ ఆ గిన్నెను చూసింది, నన్ను చూసింది, ఏమీ అనకుండా లైటు ఆర్పింది. అమ్మ ఆ చీకట్లోనే వెళ్ళి దాని మీద పళ్ళెం బోర్లించిన చప్పుడు వినిపించింది.

సోమవారం పొద్దున లేచేసరికి పిండి పళ్ళెం అంచును తాకుతోంది. రాత్రంతా ఎవరూ దాన్ని తొందరపెట్టలేదు. పెరుగులోని సూక్ష్మజీవులు మా వంటింటి వేడిలో తమ పని తాము చేసుకున్నాయి. అమ్మ అందులో ఇంకాస్త పెరుగు పోసి జారుగా చేసి, గుప్పెడు బియ్యప్పిండి, చిటికెడు సోడా (చిటికెడే, నాకు చూపించి మరీ వేసింది), జీలకర్ర, తరిగిన పచ్చిమిర్చి, అల్లం కలిపి అరచేత్తో బాదుతూ గిలకొట్టింది. మూకుడులో నూనె కాగింది. అప్పుడు వెలిగింది నాకు. మైదా, పెరుగు, ఉప్పు, సోడా. ఇరవై నిమిషాల్లో ఈస్టు లేని పిజ్జా పిండి అంటూ నేను ఆదివారమంతా పరిశోధించినది, మా చౌరస్తాలో ప్రతి బండి మీదా పొద్దున ఆరింటికే అమ్ముడుపోయే మైసూరు బోండా పిండి. దాన్ని నేను బల్లపరుపుగా నొక్కాను, అంతే తేడా. ఆ బండివాళ్ళు కూడా పిండిని గంటల తరబడి నాననిస్తారు.

బోండాలు నూనెలో వాటంతట అవే తిరగబడి గుండ్రంగా ఉబ్బాయి. పల్లీ చట్నీతో ఆరు తిన్నాను. మా అబ్బాయి ఫ్రిజ్ తలుపులో దాచిన ఒరిగానో పొట్లాలు తెచ్చి, వాళ్ళ బాపమ్మ అడ్డుకునేలోపే రెండింటి మీద చల్లాడు. ఆమె ఒకటి కొరికి, వాము ఘాటు తగ్గినట్టుందే అంది.

మా అమ్మాయి ఒక బోండాను న్యాప్‌కిన్‌లో చుట్టుకుని స్నానాలగది వైపు వెళ్ళడం అందరం చూశాం. ఎవరూ ఆపలేదు. కాసేపు చప్పుడు లేదు. ఆ తర్వాత అక్కడి నుంచే అరిచింది.

“బాపూ, తేలింది!”