బీపీ, షుగర్ మీదకి నెట్టేస్తే గుర్ల నీళ్లు మంచివైపోవు

2024 అక్టోబరులో డయేరియా ప్రబలిన విజయనగరం జిల్లా గుర్లలో ఎంతమంది చనిపోయారు అన్న ముక్కకే సూటి సమాధానం రాలేదు. డయేరియాతో పోయింది ఒక్కరే, మిగతావి ఇతర అనారోగ్య కారణాలు అని అధికారులు మొదట్లో చెప్పారు. ఊరికి వెళ్లొచ్చిన డిప్యూటీ సీఎం పవన్ కల్యాణ్ పది మంది అన్నారు, ఆ కుటుంబాలకి తన సొంత డబ్బు లక్ష చొప్పున ఇస్తామన్నారు. మాజీ ముఖ్యమంత్రి జగన్ పద్నాలుగు అన్నారు. మండల కేంద్రమైన ఊళ్లో, రోజుల తరబడి వైద్య శిబిరం నడిచిన ఊళ్లో, శవాలు లెక్కపెట్టడానికి మూడు లెక్కలా?

మా భయం ఆ అంకె గురించి మాత్రమే కాదు, ఆ "ఇతర అనారోగ్య కారణాలు" అనే మాట గురించి. ఎందుకంటే డయేరియా ఎవర్ని చంపుతుందో పీహెచ్‌సీలో పనిచేసే ఏ నర్సమ్మని అడిగినా చెప్తుంది. వయసులో ఉన్న కుర్రాడు రెండు సెలైన్లతో లేచి కూర్చుంటాడు, అదే డెబ్బై ఏళ్ల ముసలావిడ, పదేళ్లుగా బీపీ మాత్రలు మింగుతున్న మనిషి, రాత్రంతా విరేచనాలు వాంతులు అయితే తెల్లారేసరికి ఒంట్లో నీరూ ఉప్పూ పోయి, బీపీ పడిపోయి, కిడ్నీలు మొరాయించి, చివరికి గుండె ఆగిపోతుంది. గుండె ఆగింది కాబట్టి గుండెజబ్బు అని రాసేస్తే సరిపోతుందా? ఆవిడకి బీపీ నిన్న మొన్న వచ్చింది కాదు కదా, బీపీతోనే ఇన్నేళ్లు బతికింది, మరి ఆ వారమే ఎందుకు పోయింది? ఆ వారం ఊరంతా ఎందుకు మంచం పట్టింది?

దీన్ని ఇలాగే వదిలేస్తే రేపు ఏ ఊళ్లోనైనా ఇదే రాస్తారు. మన పల్లెల్లో యాభై దాటినవాళ్లలో బీపీయో షుగరో ఏదో ఒకటి లేని మనిషి ఎంతమంది? అంటే కుళాయి నీళ్లు తాగి పోయిన ప్రతి పెద్దమనిషినీ వాళ్ల జబ్బు ఖాతాలో వేసేయొచ్చు, నీటికి క్లీన్ చిట్ ఇచ్చేయొచ్చు, ట్యాంకు ఎవరు కడిగారు క్లోరిన్ ఎవరు కలిపారు అని అడిగే అవసరమే ఉండదు. చావుకి కారణం మారిస్తే బాధ్యుడు కూడా మాయమవుతాడు, అందుకే గుర్లలో ఈ లెక్క తేలకుండా ఫైలు మూయకూడదు అంటున్నాం.

అసలు నీళ్లు ఎలా పాడవుతాయో ఊళ్లో అందరికీ తెలుసు. చంపావతి నది నుంచి వచ్చే నీళ్లు, ఆ ఒడ్డునే బహిర్భూమి, చెత్త. సరే, అక్కడ ఏదో శుభ్రం చేసి ట్యాంకు ఎక్కించారే అనుకుందాం, ఆ తర్వాత పైపు ఎక్కడెక్కడ నుంచి వెళ్తుందో ఒకసారి ఏ పల్లెలోనైనా నడిచి చూడండి. సైడు కాలవలో మునిగి ఉంటుంది, జాయింట్ దగ్గర గోనెసంచి ముక్కో సైకిల్ ట్యూబో చుట్టి ఉంటుంది, గేట్ వాల్వు గుంతలో మురుగు నిలిచి ఉంటుంది. ప్రెషర్ అందని వీధిలో జనం కుళాయి తలకాయ పీకేసి, నేల తవ్వి, గుంతలో బిందె పెట్టి పట్టుకుంటారు, కొందరు డైరెక్టుగా మోటారు బిగిస్తారు. నీళ్లు వదిలినంతసేపూ పర్లేదు, కట్టేయగానే ఖాళీ పైపు చుట్టూ ఉన్న మురుగుని లోపలికి లాక్కుంటుంది, మర్నాడు పొద్దున మొదటి బిందెలో వచ్చేది అదే. దీనికి పెద్ద ఇంజినీరింగ్ చదువు అక్కర్లేదు, రోజూ ఆ వీధిలో తిరిగే వాటర్‌మ్యాన్‌కి ఏ వీధిలో ఏ జాయింట్ కారుతుందో నోటికి వచ్చు, కాకపోతే చెప్తే వినే నాథుడు లేడు.

ఈ మురుగుకి అడ్డం పడేది క్లోరిన్ ఒక్కటే. కుళాయి చివర నీళ్లలో లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని బీఐఎస్ (కేంద్ర ప్రమాణాల సంస్థ) ప్రమాణం, మలంలో ఉండే ఈ-కోలి బ్యాక్టీరియా 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా కనపడకూడదని అదే ప్రమాణం. ఆ క్లోరిన్ ఉందో లేదో చూడటానికి ల్యాబ్ కూడా అక్కర్లేదు, గాజు గొట్టంలో నీళ్లు పట్టి రెండు చుక్కల మందు వేస్తే పసుపు రంగు వస్తుంది, రాకపోతే క్లోరిన్ లేనట్టే, నిమిషం పని. ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు ఆడవాళ్లకి ఈ టెస్టులు నేర్పించాలని 2019 నుంచి చెప్తున్నారు. మరి గుర్లలో వాంతులు మొదలవ్వక ముందు వారం ఏ వీధి కుళాయి దగ్గర టెస్టు చేశారు, రంగు వచ్చిందా రాలేదా, ఎవరు సంతకం పెట్టారు? ఆ ఒక్క కాగితం ఎందుకు బయట పెట్టరు? చావులయ్యాక శాంపిళ్లు తీసుకుని, ట్యాంకులు కడిగి, వీధులనిండా బ్లీచింగ్ చల్లితే పోయినవాళ్లకి ఏం ఒరుగుతుంది. అసలు మూతి విప్పి పంచాయతీ ఆఫీసు మూల నెలల తరబడి పడేసిన బ్లీచింగ్ బస్తాలో క్లోరిన్ ఎప్పుడో గాలికి పోయుంటుంది, అది కలిపినా సున్నం కలిపినా పెద్ద తేడా లేదు.

గత ప్రభుత్వం పంచాయతీల ఆర్థిక సంఘం నిధులు కరెంటు బకాయిల కింద లాగేసుకుంది, అందుకే ఊళ్లలో చేతిలో పైసా లేదు అంటున్నారు ఇప్పటి పాలకులు. నిజమే, ఆ సంగతి మీద సర్పంచులు అప్పట్లోనే రోడ్డెక్కారు. కానీ గుర్లలో ఇది జరిగేసరికి వీళ్లు గద్దెనెక్కి నాలుగు నెలలు దాటింది, 2024 అక్టోబరు 14 నుంచి పల్లె పండుగ అని 4,500 కోట్లతో 30 వేల పనులకి ఊరూరా శంకుస్థాపనలు చేశారు, సిమెంటు రోడ్డుకి కొబ్బరికాయ కొట్టిన ఊళ్లోనే ఆ రోడ్డు కింద పైపులో ఏం పారుతుందో చూసే తీరిక లేకపోయిందా? రోడ్లు వద్దని మేము అనట్లేదు. తాగే నీళ్లు దానికంటే ముందు రావాలంటున్నాం, అంతే.

ఇది గుర్లతో మొదలైంది కూడా కాదు. అదే 2024లో ఫిబ్రవరిలో గుంటూరు, జూన్‌లో జగ్గయ్యపేట, రెండు చోట్లా డయేరియానే. తెలంగాణలో నందికొండ మున్సిపాలిటీ వాటర్ ట్యాంకులో కోతులు చచ్చిపడి ఉంటే ఆ నీళ్లే జనం తాగిన సంగతి బయటపడింది ఆ ఏడాది ఏప్రిల్‌లోనే. ప్రతిసారీ హడావిడి, ట్యాంకర్లు, మంత్రుల పరామర్శ, ఆ తర్వాత మళ్లీ మామూలే.

కెనడాలో వాకర్టన్ అని సుమారు 5 వేల జనాభా ఉన్న చిన్న ఊరు, 2000 సంవత్సరం మే నెలలో అక్కడి బావి నీళ్లు కలుషితమై ఏడుగురు చనిపోయారు, 2,300 మందికి జబ్బు చేసింది. విచారణకి జడ్జిని వేస్తే, అక్కడ క్లోరిన్ కొలవకుండానే ఏళ్ల తరబడి రిజిస్టర్లో దొంగ అంకెలు రాస్తున్నారని తేల్చాడు, నీటి సరఫరా చూసే మేనేజరు జైలుకి వెళ్లాడు, తాగునీటి మీద కొత్త చట్టం వచ్చింది. ఇదంతా ఎలా జరిగిందంటే, ఆ మేనేజరు దాచాలని చూసినా, చచ్చిపోయినవాళ్లకీ నీళ్లకీ ఉన్న సంబంధాన్ని విచారణ బయటపెట్టింది కాబట్టి. మన దగ్గర ఆ సంబంధాన్నే మొదటి రోజే తెంపేయాలని చూశారు.

గుర్ల మీద విచారణకి సీనియర్ ఐఏఎస్ విజయానంద్‌ని వేశారు, మంచిదే. ఆ రిపోర్టు మొత్తం జనం ముందు పెట్టాలి. చనిపోయిన ప్రతి మనిషీ జబ్బు పడింది ఎప్పుడు, విరేచనాలు ఉన్నాయా, ఏ ట్యాంకు నీళ్లు తాగారు అన్నది ఒక్కో పేరుకీ విడివిడిగా తేల్చాలి, బీపీ షుగర్ ఉన్నాయని లెక్కలోంచి తీసేయడానికి వీల్లేదు. ట్యాంకు కడిగిన తేదీ, రోజువారీ క్లోరిన్ రీడింగు పంచాయతీ గోడ మీద రాయాలి, రాయని రోజుకి పంచాయతీ కార్యదర్శీ గ్రామీణ నీటి సరఫరా విభాగం ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ఇద్దరూ జవాబు చెప్పాలి. కింద పనిచేసే వాటర్‌మ్యాన్‌ని ఒక్కడిని బలిచేసి చేతులు దులుపుకుంటే మాత్రం ఊరుకునేది లేదు, వాడికి వచ్చే జీతం ఎంతో, అది ఎన్ని నెలలకి ఒకసారి వస్తుందో అందరికీ తెలుసు.

జిల్లా అధికారులకి ఒక్క మాట. ఒక్కరే పోయారని మీరు చెప్పిన రోజున మిగతా ఇళ్లలో పదకొండో రోజు కూడా కాలేదు. ఆ ఇళ్లకి వెళ్లి, ఆ మనుషుల మొహం చూసి, మీవాళ్లు నీళ్ల వల్ల పోలేదు అని చెప్పగలిగితే చెప్పండి. చెప్పలేకపోతే ఆ లెక్క వెనక్కి తీసుకోండి.